అనస్తాసియా బతికుంటే ఇవాన్ 'టెరిబుల్' అయ్యేవాడు కాదా?



మన ఇళ్లలో తరచూ వినిపించే మాట ఒకటుంది. అబ్బాయికి కోపం ఎక్కువ, ఎవరి మాటా వినడు, ఊరికే చెయ్యి చేసుకుంటాడు అని ఎవరైనా అంటే చాలు, పెద్దవాళ్ల దగ్గర ఒక మందు రెడీగా ఉంటుంది. "పెళ్లి చేసేయండి, వాడే దారికొస్తాడు." మరి వచ్చే అమ్మాయి సంగతేంటి అని మాత్రం ఎవరూ అడగరు.

సరిగ్గా ఇదే మాటని ఒక చక్రవర్తి గురించి నాలుగు వందల ఏళ్లకు పైగా చెప్పుకుంటూ వస్తున్నారు. ఆయన పేరు ఇవాన్. జార్‌గా పట్టాభిషేకం చేయించుకున్న మొదటి రష్యా పాలకుడు. ప్రపంచానికి ఇవాన్ ది టెరిబుల్‌గా తెలుసు. ఆయన మొదటి భార్య అనస్తాసియా. ఆమె ఉన్నంత కాలం ఆయన మంచి రాజట. ఆమె పోయాక రాక్షసుడయ్యాడట. ఆమె బతికుంటే రష్యా చరిత్రే వేరుగా ఉండేదట. వినడానికి సినిమా కథలా ఉంది కదా? ఇవాళ ఆ కథని కొంచెం గట్టిగా పరీక్షిద్దాం. ఆమె బతికుంటే నిజంగా ఏం మారేది, ఏం మారేది కాదు, ఒక్కొక్కటీ చూద్దాం.

ముందు ఇవాన్ చిన్నతనం తెలియాలి. లేకపోతే మిగతాది అర్థం కాదు.

ఇవాన్ 1530లో పుట్టాడు. మూడేళ్లకే తండ్రి, మాస్కోని ఏలే మూడో వసీలీ, చనిపోయాడు. సింహాసనం మీద పసివాడు, వెనక నుంచి రాజ్యం నడిపేది తల్లి ఎలెనా. 1538లో ఆమె కూడా హఠాత్తుగా పోయింది. విషం పెట్టారని అప్పుడే పుకారు పుట్టింది. అప్పటికి పిల్లాడికి ఎనిమిదేళ్లు కూడా నిండలేదు.

మాస్కోలో బోయార్లు అని ఉండేవాళ్లు. అంటే పెద్ద పెద్ద భూములున్న ప్రభువుల కుటుంబాలు, రాజు పక్కన కూర్చుని రాజ్యం నడిపేవాళ్లు. తల్లి పోయాక షూయ్‌స్కీలు, బేల్‌స్కీలు అనే రెండు కుటుంబాలు పెత్తనం కోసం కొట్టుకున్నాయి. జైళ్లు, హత్యలు, అర్ధరాత్రి అరెస్టులు, అన్నీ ఈ పిల్లాడి కళ్లముందే. జనం ముందు అందరూ అతనికి వంగి దండాలు పెట్టేవాళ్లు. లోపలికెళ్తే పట్టించుకునే దిక్కు లేదు. తనకీ తమ్ముడికీ సరైన తిండీ బట్టా ఉండేవి కాదని, ఒక షూయ్‌స్కీ పెద్దాయన తన తండ్రి మంచానికి మోచెయ్యి ఆనించి దర్జాగా కూర్చునేవాడని, ఇవాన్ తన ముప్పై నాలుగో ఏట కూడా ఒక ఉత్తరంలో తలుచుకుని మండిపడ్డాడు. అంటే ఆ సీన్ ఎంత లోతుగా దిగిపోయిందో చూడండి.

1543 చివర్లో, పదమూడేళ్ల వయసులో, ఆంద్రేయ్ షూయ్‌స్కీ అనే బోయారుని పట్టుకుని తన వేటకుక్కల్ని చూసే మనుషులకి అప్పగించాడు. వాళ్లు అతన్ని చంపేశారు. ఆ వయసులో ఇవాన్ నేర్చుకున్న పాఠం ఏంటంటే, నన్ను చూసి భయపడితేనే నేను బతుకుతాను.

ఇప్పుడు 1547కి వద్దాం. ఆ ఏడాది జనవరి 16న పదహారేళ్ల ఇవాన్‌కి జార్‌గా పట్టాభిషేకం. మూడు వారాలు తిరక్కుండానే, ఫిబ్రవరి 3న పెళ్లి. దానికి ముందు రాజ్యం నలుమూలలా ప్రభువుల ఇళ్లకి కబురు వెళ్లింది, పెళ్లీడు అమ్మాయిల్ని చూపించమని. మన పెళ్లిచూపుల్లో అబ్బాయి వాళ్లు అమ్మాయి ఇంటికొస్తారు. అక్కడ అమ్మాయిలందరూ రాజుగారి దగ్గరికి రావాలి. ఎవరి కూతురినైనా దాచిపెడితే శిక్ష కూడా. అలా ఎంపికైంది అనస్తాసియా. జఖార్యిన్ అనే బోయార్ కుటుంబం, తండ్రి అప్పటికే లేడు.

ఆ తర్వాత పదమూడేళ్లు చూస్తే లిస్ట్ నిజంగా బాగుంటుంది. 1549లో రకరకాల వర్గాల ప్రతినిధులతో పెద్ద సభ. 1550లో కొత్త చట్టాల పుస్తకం. అదే ఏడాది తుపాకులతో పనిచేసే కొత్త సైన్యం. 1551లో చర్చి సంస్కరణలు. 1552లో కజాన్, 1556లో అస్త్రాఖాన్, రెండు తాతార్ రాజ్యాలు మాస్కో చేతికొచ్చాయి. దాంతో వోల్గా నది దారి మొత్తం తెరుచుకుంది. 1553లో ఇంగ్లండ్ నుంచి వ్యాపారులు వచ్చారు. కజాన్ విజయానికి గుర్తుగా కట్టిందే మాస్కో రెడ్ స్క్వేర్‌లో రంగురంగుల గుమ్మటాలతో కనిపించే సెయింట్ బాసిల్ కెథడ్రల్. రష్యా అనగానే మీ ఫోన్‌లో మొదట వచ్చే ఫొటో అదే.

1560 ఆగస్టు 7న అనస్తాసియా చనిపోయింది. ముప్పై ఏళ్ల వయసు ఉంటుంది. అంత్యక్రియల్లో ఇవాన్ నడవలేకపోతే చేతులు పట్టుకుని నడిపించారని అప్పటి రాతల్లో ఉంది. జనం దారి పొడుగునా ఏడ్చారట.

ఇక అక్కడి నుంచి లిస్ట్ మారిపోతుంది. రాజుకి కుడిభుజంగా ఉన్న అలెక్సేయ్ అదాషెవ్ 1561లో కాపలాలోనే చచ్చిపోయాడు. ఇవాన్‌కి గురువులాంటి సిల్వెస్టర్ అనే మతగురువుని ఉత్తరాన సముద్రంలో ఉన్న సొలొవెత్స్కీ మఠానికి పంపేశారు. వీళ్లిద్దరూ, వీళ్ల మనుషులూ కలిసి నా భార్యకి మంత్రాలు పెట్టారు, చంపేశారు అని రాజు నమ్మాడు. 1564లో దగ్గరి స్నేహితుడు, సేనాపతి కుర్బ్‌స్కీ శత్రుదేశానికి పారిపోయాడు. 1565లో ఒప్రిచ్నినా మొదలైంది. అంటే దేశాన్ని రెండు ముక్కలు చేసి, ఒక ముక్కని రాజు తన సొంతానికి ఉంచుకున్నాడు. దానికి ప్రత్యేక దళం. నల్ల బట్టలు, గుర్రం జీనుకి కుక్క తల, చీపురు. రాజద్రోహుల్ని వాసన పట్టి కరుస్తాం, ఊడ్చేస్తాం అని దానర్థం. 1570లో నోవ్‌గొరొద్ నగరం మీద పడి వారాల తరబడి జనాన్ని చంపారు. లెక్క తక్కువ వేసిన చరిత్రకారులు కూడా వేలల్లోనే వేస్తారు. 1581లో చేతికర్రతో కొట్టిన దెబ్బకి సొంత కొడుకే పోయాడు.

సో, 1560కి ముందు ఒక ఇవాన్, తర్వాత ఇంకో ఇవాన్. మధ్యలో ఒక భార్య మరణం. ఎవరైనా ఏమనుకుంటారు? ఆమె ఉండుంటే ఇదంతా జరిగేది కాదనే కదా.

ఆగండి. ఈ కథ మనకి ఎవరు చెప్పారో ముందు చూద్దాం.

ఒకరు జెరోమ్ హార్సీ అనే ఇంగ్లిష్ వ్యాపారి. అనస్తాసియా ఎంత తెలివైనది, దుడుకు కుర్రాడిని ఎంత నేర్పుగా దారిలో పెట్టింది అని బాగా రాశాడు. కానీ ఆయన మాస్కోలో అడుగుపెట్టింది 1573లో. ఆమె పోయిన పదమూడేళ్లకి. అంటే ఆయన రాసింది ఊళ్లో చెప్పుకునే మాట.

రెండోది సాక్షాత్తూ ఇవానే. 1577లో కుర్బ్‌స్కీకి రాసిన ఉత్తరంలో, మీరు నా భార్యని నా నుంచి దూరం చెయ్యకుండా ఉంటే ఈ బలులేవీ జరిగేవి కావు అన్న అర్థంలో రాశాడు. గమనించండి, ఇది ఎవరి మాట? చంపినవాడి మాట. తప్పంతా మీదే, నా భార్యని చంపారు కాబట్టి నేనిలా అయ్యాను అంటున్నాడు. ఇలాంటి డైలాగులు మనం ఎక్కడ విన్నామో మీకు నేను చెప్పక్కర్లేదు.

మూడోది కరంజిన్ అనే రష్యన్ చరిత్రకారుడు. పంతొమ్మిదో శతాబ్దం మొదట్లో ఆయన రాసిన రష్యా చరిత్రలో ఎనిమిదో సంపుటం 1560తో ముగుస్తుంది. తొమ్మిదో సంపుటం అక్కడి నుంచి మొదలై రక్తంతో నిండిపోతుంది. అట్ట మారింది, మనిషి మారాడు. చదివినవాళ్ల మనసులో ఆ గీత అలాగే పడిపోయింది.

ఇప్పుడు ఆ గీతని చెరిపే నాలుగు సంగతులు చెప్తాను.

మొదటిది. పెళ్లయిన నాలుగు నెలలకి, 1547 జూన్‌లో, ప్స్కోవ్ నగరం నుంచి డెబ్బై మంది జనం ఇవాన్ దగ్గరికొచ్చారు. మా గవర్నర్ మమ్మల్ని పీడిస్తున్నాడు, న్యాయం చెయ్యండి అని. కొత్త పెళ్లికొడుకు ఏం చేశాడో తెలుసా? వాళ్ల మీద మండే సారా పోయించాడు, గడ్డాలు కొవ్వొత్తితో కాల్చాడు, బట్టలిప్పించి నేల మీద పడుకోబెట్టాడు. అంతలో మాస్కోలో పెద్ద గంట ఊడిపడిందని కబురొస్తే, అపశకునం అనుకుని వదిలేసి వెళ్లిపోయాడు. వాళ్ల ప్రాణాలు కాపాడింది ఆ గంట. పెళ్లి ఆయన్ని మార్చలేదు.

మరి మార్చిందేంటి? అదే నెలలో మాస్కో తగలబడిపోయింది. జనం తిరగబడ్డారు. రాజు మేనమామ యూరి గ్లిన్‌స్కీని చంపేసి, రాజు ఉన్న ఊరి దాకా వచ్చేశారు. పదహారేళ్ల కుర్రాడు మొదటిసారి జనం కోపాన్ని దగ్గర నుంచి చూశాడు. సిల్వెస్టర్ వచ్చి, ఇది దేవుడు నీకిచ్చిన హెచ్చరిక అని భయం చెప్పాడు. సంస్కరణలకి దారి పడింది ఆ తర్వాతే. వాటి వెనక సిల్వెస్టర్ ఉన్నాడు, అదాషెవ్ ఉన్నాడు, మకారీ అనే పెద్ద మతాధిపతి ఉన్నాడు. ఒక టీమ్ ఉంది. అంతఃపురం గడప దాటని అనస్తాసియాకి అందులో ఏ పదవీ లేదు.

రెండోది. ఆ టీమ్, అనస్తాసియా ఒకే పక్షం అనుకుంటున్నారు కదా? కాదు. 1553లో ఇవాన్‌కి జ్వరం వచ్చి చావుబతుకుల్లో ఉన్నప్పుడు, నెలల పసివాడైన నా కొడుకుకి విధేయంగా ఉంటామని ప్రమాణం చెయ్యండి అని బోయార్లని అడిగాడు. చాలామంది వెనకాడారు. పిల్లాడు రాజైతే పెత్తనం చేసేది రాణి పుట్టింటివాళ్లు, వాళ్ల కింద మేము బతకలేం అన్నారు. ఆ మాట పైకి అన్నవాళ్లలో అదాషెవ్ తండ్రే ఉన్నాడు. ఇవాన్ బతికాడు, కానీ మంచం మీద నుంచి చూసింది మర్చిపోలేదు. చిన్నప్పటి భయం మళ్లీ లేచింది. ఇదంతా అనస్తాసియా బతికుండగానే, ఆమె కారణంగానే జరిగిన గొడవ. అంటే రాజుగారి ఇల్లాలు, రాజుగారి మంత్రులు రెండు వేర్వేరు ముఠాల మనుషులు.

మూడోది. అదాషెవ్‌ని మాస్కో నుంచి లివోనియా యుద్ధానికి, అంటే ఇప్పటి లాత్వియా, ఎస్తోనియా ఉన్న చోటికి, పంపేసింది 1560 మే నెలలో. రాణి పోయింది ఆగస్టులో. సిల్వెస్టర్‌తో కూడా అంతకుముందే చెడింది. కాబట్టి ఆమె చావు వల్ల టీమ్ విడిపోలేదు. టీమ్ అప్పటికే విడిపోయింది. ఆమె చావు దాన్ని పగగా మార్చింది.

నాలుగోది యుద్ధం. 1558లో మొదలైన లివోనియా యుద్ధం 1583 దాకా, పాతికేళ్లు సాగింది. మొదట్లో గెలుపు, తర్వాత ఓటమి మీద ఓటమి. ఓడిన ప్రతిసారీ రాజుకి ఒకే ఆలోచన, ఎవరో మోసం చేశారు. పన్నులు, పంటలు, పారిపోయే రైతులు, ఇవేవీ రాణి బతికున్నంత మాత్రాన ఆగేవి కావు.

మరి ఆమె బతికుంటే ఏమీ మారేది కాదా? అలా కూడా అనను. నా లెక్కలో కచ్చితంగా మూడు విషయాలు వేరుగా ఉండేవి.

ఒకటి, విషం కథ. ఆమె చావుతోనే 'నా ఇంట్లోకి చొరబడి నావాళ్లని చంపుతున్నారు' అనే అనుమానం ఇవాన్‌కి ఖాయమైంది. రెండో భార్య మరియా 1569లో పోతే మళ్లీ విషమే అన్నాడు. అదే ఏడాది తన మీద విషప్రయోగానికి కుట్ర చేశాడని పినతండ్రి కొడుకు వ్లాదిమీర్‌తో బలవంతంగా విషం తాగించాడు. 1571లో ఇంకో భార్య పెళ్లయిన రెండు వారాలకే పోతే మళ్లీ అదే మాట. మొదటి చావు లేకపోతే ఈ గొలుసు ఇంత తొందరగా మొదలయ్యేది కాదు. ఇంతకీ అసలు విషం పెట్టారా? మన కాలంలో శాస్త్రవేత్తలు ఆమె జుట్టుని పరీక్షిస్తే పాదరసం బాగా ఎక్కువగా ఉంది. దాన్ని చూసి చాలామంది హత్యే అంటారు. కానీ ఆ రోజుల్లో ముఖానికి పూసుకునే రంగుల్లో, మందుల్లో కూడా పాదరసం వాడేవాళ్లు. 1963లో ఇవాన్ సమాధి తెరిచి చూస్తే ఆయన ఎముకల్లోనూ పాదరసం ఉంది. కాబట్టి ఆ ఒక్క ముక్కతో తీర్పు చెప్పలేం.

రెండోది, 1581. ఆ రోజు కొడుకుతో గొడవ ఎలా మొదలైందో పోప్ పంపిన దూత పొసెవీనో తాను విన్నది రాశాడు. గర్భంతో ఉన్న కోడలు సరైన బట్టలు వేసుకోలేదని ఇవాన్ ఆమె మీద చెయ్యి చేసుకున్నాడు. కొడుకు అడ్డమొచ్చాడు. దెబ్బ తలకి తగిలింది. ఆ కొడుకు అనస్తాసియా కన్నబిడ్డ. తల్లి పోయేనాటికి ఆరేళ్లవాడు. ఇంట్లో అత్తగారు ఉండుంటే, కోడలి గదిలోకి మామగారు అలా దూసుకొచ్చేవాడా? ఆ పూట మధ్యలో ఇంకో మనిషి నిలబడేదేమో. చరిత్రలో కొన్ని విషయాలు సిద్ధాంతాల మీద కాదు, ఆ నిమిషంలో గదిలో ఎవరున్నారు అన్నదాని మీద ఆధారపడతాయి.

మూడోది ఈ రెండోదాని మీదే ఆధారపడింది. పెద్ద కొడుకు పోయాడు కాబట్టి 1584లో ఇవాన్ తర్వాత రాజైంది చిన్న కొడుకు ఫ్యోదర్. మెతక మనిషి, రాజ్యం నడపలేడు, వారసులూ మిగల్లేదు. 1598లో ఆయనతో రూరిక్ రాజవంశం ఆగిపోయింది. ఆ తర్వాత పదిహేనేళ్లు కరువు, దొంగ రాజులు, అంతర్యుద్ధం, పోలండ్ సైన్యం మాస్కోలోకి రావడం. చివరికి 1613లో పదహారేళ్ల మిఖాయిల్‌ని రాజుగా ఎన్నుకున్నారు. ఎవరీ మిఖాయిల్? అనస్తాసియా తోడబుట్టిన నికితాకి మనవడు. పాత రాజవంశంతో ఆ కుటుంబానికి ఉన్న చుట్టరికం ఆమె ద్వారా వచ్చిందే. ఆ వంశమే రొమనోవ్ వంశం. 1917 విప్లవం దాకా మూడు వందల ఏళ్లు ఏలింది. తమాషా చూడండి, ఆమె బతికుండి, పెద్ద కొడుకు బతికుండి, పాత వంశం సాగుంటే, ఆమె పుట్టింటివాళ్లకి సింహాసనం దక్కే అవకాశమే ఉండేది కాదు.

ఇప్పుడు అసలు ప్రశ్నకొద్దాం. ఒప్రిచ్నినా ఆగేదా? నోవ్‌గొరొద్ బతికేదా?

దీనికి సమాధానం 1568లో దొరుకుతుంది. అప్పటి మతాధిపతి పేరు ఫిలిప్. మార్చి నెలలో మాస్కో ప్రధాన చర్చిలో, అందరి ముందు, ఇవాన్ ఆశీర్వాదం కోసం వస్తే ఇవ్వనన్నాడు. అమాయకుల రక్తం చిందిస్తున్నావు, ఆపు అని మొహం మీదే చెప్పాడు. ఒక మంచి భార్య చాటుగా, బతిమాలుతూ చెప్పగలిగే మాటని ఆయన నిలబడి, తన పదవి బలంతో చెప్పాడు. ఏమైంది? పదవి ఊడబీకి మఠంలో బంధించారు. మరుసటి ఏడాది రాజుగారి మనిషి మల్యూతా స్కురాతోవ్ వెళ్లి ఊపిరాడకుండా చేసి చంపేశాడు.

అంటే ఇవాన్‌కి వద్దని చెప్పేవాళ్లు లేకపోవడం సమస్య కాదు. ఉన్నారు. వద్దని చెప్పినా ఆ మాటకి కట్టుబడాల్సిన అవసరం రాజుకి లేదు. సభ ఉంది, కానీ రాజు పిలిస్తేనే వస్తుంది. చట్టం ఉంది, కానీ రాజుకి వర్తించదు. 1564 చివర్లో ఇవాన్ అలిగి మాస్కో వదిలి వెళ్లిపోయి, ద్రోహుల్ని నా ఇష్టం వచ్చినట్టు శిక్షించే అధికారం ఇస్తేనే తిరిగొస్తా అన్నాడు. జనం, మతపెద్దలు, బోయార్లు వెళ్లి బతిమాలి ఒప్పుకుని మరీ తీసుకొచ్చారు. ఆ రోజు ఆయన చేతిలో పెట్టిన అధికారాన్ని రాణి వెనక్కి తీసుకోగలదా?

ఇంకో మాట. ఆమె బతికుండటం వేరు, రాణిగా ఉండటం వేరు. ఇవాన్ తండ్రి వసీలీ, పిల్లలు పుట్టలేదని మొదటి భార్యని 1525లో సన్యాసిని చేసి మఠానికి పంపేశాడు. ఇవాన్ కూడా తర్వాతి భార్యల్లో కొందర్ని అలాగే పంపాడు. చివరికి కొడుకు మొదటి ఇద్దరు భార్యల్ని కూడా ఆయనే మఠానికి పంపించేశాడు. అనస్తాసియా నలభై ఏళ్లకి వచ్చి, ఏదో ఒక రోజు గట్టిగా వద్దని చెప్పుంటే, ఆమె దారి కూడా మఠం వైపే ఉండేదేమో.

ఇంతసేపూ మనం కూడా ఆమె గురించి మాట్లాడుతూ ఆయన గురించే మాట్లాడాం. ఒక్కసారి ఆమె వైపు నుంచి చూడండి. పదమూడేళ్ల కాపురం. ఆరు కాన్పులు. ఆరుగురిలో నలుగురు పసితనంలోనే పోయారు. మొదటి కొడుకు ద్మిత్రీ, తండ్రి తీసుకెళ్లిన తీర్థయాత్రలో నీళ్లలో పడి చనిపోయాడు. 1559 చలికాలం ముందు మొజాయిస్క్‌లో ఉండగా ఆమె జబ్బుపడితే, అధ్వాన్నమైన దారుల్లో ఆ స్థితిలోనే మాస్కోకి తిరిగి రావాల్సొచ్చింది. తర్వాతి జులైలో మాస్కోలో మంటలు లేస్తే, లేవలేని మనిషిని కొలొమెన్‌స్కొయె అనే ఊరికి తరలించారు. కొన్ని రోజులకే ప్రాణం పోయింది. ఈ మనిషిని పట్టుకుని చరిత్ర అడిగే ప్రశ్న ఏంటి? "నువ్వు ఇంకొన్నాళ్లు ఉండుంటే ఆయన్ని కంట్రోల్ చేసేదానివి కదా" అని. ఆయన కోపాన్ని మొయ్యడం ఆమె డ్యూటీ అన్నట్టు.

ఆమె నిజంగానే మంచి మనిషి అయ్యుండొచ్చు. జనం ఏడ్చింది ఊరికే కాదు. ఆమె పక్కన ఉన్నప్పుడు ఇవాన్ కొంచెం శాంతంగా ఉండేవాడనే అనుకుందాం. అప్పుడైనా ఒక్కటి ఆలోచించండి. లక్షల మంది ప్రాణాలు ఒక మనిషి మూడ్ మీద, ఆ మూడ్ ఒక ఆడమనిషి ఓర్పు మీద, ఆ ఓర్పు ఆమె ఆరోగ్యం మీద ఆధారపడి ఉంటే, ఆ దేశం అప్పటికే ప్రమాదంలో ఉన్నట్టు. 1560లో కాకపోతే 1565లో, లేదంటే 1570లో అది బయటపడుతుంది. అనస్తాసియా బతికుంటే కొన్ని ఏళ్లు దొరికేవి. కొన్ని ప్రాణాలు మిగిలేవి, అది చిన్న విషయమేం కాదు. ఇవాన్ మాత్రం ఇవాన్‌గానే ఉండేవాడు.

చివరి రోజుల్లో ఆయన తను చంపించినవాళ్ల పేర్లతో జాబితా రాయించి, వాళ్ల ఆత్మల కోసం ప్రార్థనలు చెయ్యమని మఠాలకి డబ్బుతో సహా పంపాడు. మూడు వేలకు పైగా మనుషుల లెక్క అందులో ఉంది. చాలామంది పేర్లు కూడా లేవు, ఫలానా చోట ఇంతమంది అని మాత్రమే ఉంది. చేసింది ఎవరో ఆయనకి బాగానే తెలుసు అనడానికి ఆ జాబితా చాలు. భార్య పోవడం దుఃఖం. దుఃఖం అందరికీ వస్తుంది. నోవ్‌గొరొద్ ఆయన తీసుకున్న నిర్ణయం.

అందుకే ఈసారి మీ ఇంట్లోనో, చుట్టాల ఇంట్లోనో "పెళ్లి చేస్తే దారికొస్తాడు" అని ఎవరైనా అంటే, ఒక్క ప్రశ్న అడగండి. "పెద్దమ్మా, ముందు వాడిని డాక్టర్‌కో కౌన్సెలర్‌కో చూపిద్దాం. వాడి కోపానికి వేరేవాళ్ల కూతుర్ని ఎందుకు మందుగా వాడటం?" మొదట ఎవరో ఒకరు విసుక్కుంటారు. పర్లేదు, అడగండి. పెళ్లికి ఒప్పుకోమని ఒత్తిడి వస్తున్న అమ్మాయిలు మన వ్యూయర్స్‌లో ఎవరైనా ఉంటే, ఒక మనిషిని బాగుచెయ్యడం మీ పెళ్లి కండిషన్ కాకూడదు. ఆ పని ఆయనే చేసుకోవాలి, పెళ్లికి ముందే.

అదండీ ఇవాళ్టి ఎపిసోడ్. అనస్తాసియా బతికుంటే 1581లో ఆ కొడుకు బతికేవాడని మీరనుకుంటున్నారా? లేక ఇంకేదైనా మారేదా? కామెంట్‌లో రాయండి, చదువుతాను. మళ్లీ కలుద్దాం. ఉంటాను.